నల్ల బండి కొన్న అల్లుడికి

అల్లుడా,

నల్ల రంగు బండి తీసుకున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషమైంది. ఆలాపల్లి, అహేరి, సిరొంచ నడుమ ప్రయాణికులను తిప్పి నీ కాళ్ల మీద నువ్వు నిలబడాలని ఎన్నాళ్లుగా అనుకుంటున్నావో నాకు తెలుసు. కిస్తీ ఎట్లా కట్టాలో, డీజిల్ లెక్క ఎట్లా రాసుకోవాలో నీకు చెప్పే పని లేదు. నేను చెప్పదలుచుకున్నది వేరే. ఆ బండిని దేనితో తుడుస్తావన్నది నాకు పట్టుకుంది. బతుకంతా బండ్లకు డెంటింగు, పెయింటింగు చేసినవాణ్ని. రంగు మెరుపు పోయిందని నా దగ్గరికి వచ్చిన బండ్లలో ఎండకు పాడైనవి కొన్నయితే, రోజూ ప్రేమగా తుడిచి తుడిచి పాడుచేసుకున్నవి ఇంకా ఎక్కువ.

నువ్వుండేది నాగేపల్లి. ఏటపల్లి తాలూకా సూర్జాగఢ్ గుట్ట నుంచి ఇనుపరాయి నింపుకున్న లారీలు ఆలాపల్లి మీదుగా ఆష్టి వైపు పోతూనే ఉంటాయి. ఆ రోడ్డు పక్క చెట్ల ఆకుల మీద ఎర్ర దుమ్ము ఎట్లా పేరుకుంటుందో రోజూ చూస్తూనే ఉన్నావు. నీ బండి బానెట్ మీద పడేదీ అదే. ఆ ఎరుపు హెమటైట్ అనే ఇనుప ఖనిజానిది. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే మోహ్స్ కొలమానంలో దానిది 5.5 నుంచి 6.5. దాంతోపాటు సిరొంచ దిక్కు పోతే ప్రాణహిత, గోదావరి ఇసుక ధూళి. అందులోని క్వార్ట్జ్ గట్టిదనం 7, కిటికీ అద్దాన్నే గీసేస్తుంది. ఇక నీ బండి పై పొర ఏమిటి? రంగు మీద కొట్టిన పారదర్శకమైన పొర, మేం క్లియర్ కోట్ అంటాం. కంపెనీ నుంచి వచ్చిన బండికి దాని మందం సుమారు 40, 50 మైక్రాన్లు. మన తల వెంట్రుక మందం కూడా ఉండదు. అది రెసిన్, అద్దం కంటే ఎంతో మెత్తన.

ఇప్పుడు ఆలోచించు. పొద్దున్నే స్టాండుకు పోయే తొందరలో భుజం మీది తువ్వాల తీసి, పొడి బానెట్‌ను గబగబా తుడుస్తావు. దుమ్ము పోయినట్టే కనిపిస్తుంది. నిజానికి ఆ గట్టి రేణువులను గుడ్డ కింద పెట్టి, ఆ పలచని పొర మీద ఈడ్చావు. ఒక్కరోజుకు ఏమీ తెలియదు. వానాకాలం దాటి ఎండ నేరుగా పడ్డప్పుడు సూర్యుడి ప్రతిబింబం చుట్టూ గుండ్రంగా అల్లుకున్న సన్న గీతలు నల్లరంగు మీద బయటపడతాయి. తెల్లబండి అయితే ఆ గీతలు కొంతకాలం దాక్కుంటాయి. నలుపు దాచదు.

అప్పుడు పాలిష్ చేయిస్తే పోతుంది కదా అంటావు. పాలిష్ గీతను పూడ్చదు అల్లుడా. గీత అడుగు ఎంత లోతున ఉందో అక్కడి దాకా చుట్టూ ఉన్న మంచి పొరను అరగదీస్తుంది. ఉన్న 40 మైక్రాన్లలో ప్రతిసారీ కొన్ని పోతాయి. అట్లా నాలుగైదుసార్లు గట్టిగా అరగదీసిన బండ్లకు ఎండలో పై పొర తెల్లగా పొలుసులు లేవడం నేను చూశాను. అప్పుడు మళ్లీ రంగు కొట్టించడం తప్ప దారి లేదు. టాక్సీ బండికి అది రెండు మూడు కిస్తీల డబ్బు.

అందుకే గుడ్డ విషయం ఇంత పట్టుబట్టి చెప్తున్నాను. గుడ్డ ఎంత మెత్తగా ఉన్నా అందులో ఇరుక్కున్న రేణువు గట్టిదే. మంచి తువ్వాలు అంటే దుమ్మును తన పోగుల లోపలికి ఎత్తుకుని రంగుకు దూరంగా పట్టుకునేది, నీళ్లను ఒత్తకుండానే పీల్చుకునేది, ఉతికితే ఆ దుమ్మును వదిలేసేది. ఈ మూడూ ఉన్నాయో లేవో చూసి కొనాలి.

తువ్వాళ్ల మాట వచ్చింది కాబట్టి, మీ అత్త పుట్టిల్లు సోలాపూర్ అని నీకు తెలుసు. వాళ్ల తాతలు కరీంనగర్ దిక్కు నుంచి పోయిన పద్మశాలీలు. 1877లో అక్కడ మొదటి బట్టల మిల్లు పెట్టారు. ఆ తర్వాత తెలంగాణ జిల్లాల నుంచి మన నేతవాళ్లు ఎన్ని వేల కుటుంబాలు పోయి స్థిరపడ్డారో! ఈరోజుకీ ఆ ఊరి తూర్పు భాగంలో వీధివీధినా తెలుగు వినిపిస్తుంది. శ్రావణ పౌర్ణమికి మార్కండేయుడి రథం లాగుతారు. సోలాపూర్ చద్దరుకూ, సోలాపూర్ టెర్రీ టవల్‌కూ భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మనం టర్కీ తువ్వాలు అనేది అదే. దాని నేత చూస్తే ముచ్చటేస్తుంది. పడుగు రెండు రకాలు. ఒకటి బిగువుగా లాగి ఉంటుంది, రెండోది వదులుగా. పేక పోగులు మూడు వేసి ఒక్కసారిగా దెబ్బ కొడితే, వదులు పడుగు పైకి లేచి కుచ్చుగా నిలబడుతుంది. ఆ కుచ్చుల వల్లే అంత నీళ్లు పీల్చుకుంటుంది. ఒంటికి దాన్ని మించిన తువ్వాలు లేదు.

అయినా దాన్ని బండి రంగు మీద వాడొద్దంటాను. మన వాళ్ల నేత కాబట్టి ఈ మాట అనడం నాకు కష్టమే, కానీ నీ బండి ముఖ్యం. నూలు పోగు దళసరి. రేణువు దాని పైనే కూర్చుంటుంది, లోపలికి పోదు. తడిస్తే కుచ్చు అణిగిపోయి బరువుగా ఈడుస్తుంది. అంచు మడత కుట్టిన దారం గట్టిది, అదొక్కటే చాలు గీత పడడానికి. పాతబడితే నూలు రాలి అద్దం మీద అంటుకుంటుంది. దానికి వేరే పనులున్నాయి. తలుపు సందులు, డిక్కీ అంచు కాలువలు, కాళ్ల దగ్గరి రబ్బరు చాపలు, బానెట్ కింద నూనె మరకలు, ఇవన్నీ పాత టర్కీ తువ్వాలుతో తుడుచుకో. ఎండాకాలం సిరొంచ నుంచి వచ్చి దిగినప్పుడు మొహం తుడుచుకోవడానికి కొత్తది ఒకటి నీ సీటు వెనక పెట్టుకో. మీ అత్త రెండు పంపిస్తానంటోంది.

రంగుకు కావలసింది మైక్రోఫైబర్. 1970లో జపాన్‌లో తోరే అనే కంపెనీలో మియోషి ఒకమోటో అనే శాస్త్రవేత్త పట్టు పోగు కంటే సన్నని పోగులు తీసే పద్ధతి కనిపెట్టాడు. మొదట దానితో కృత్రిమ స్వెడ్ తోలు చేశారు, తుడుపు గుడ్డలు తర్వాత వచ్చాయి. 9000 మీటర్ల పోగు బరువు ఒక గ్రాము కంటే తక్కువ ఉంటే దాన్ని మైక్రోఫైబర్ అంటారు. అయితే సన్నగా ఉంటే చాలదు, పోగు చీలి ఉండాలి. మంచి రకంలో పాలిస్టర్, నైలాన్ జాతి పాలిమైడ్ కలిపి ఒకే పోగుగా తీస్తారు. తర్వాత దాన్ని చీలిస్తే అడ్డంగా కోసిన బత్తాయి తొనల్లా విడిపోతుంది. ఆ తొనల మధ్య సందుల్లోకే దుమ్మూ నీళ్లూ పోతాయి. చీల్చని పోగుతో నేసిన గుడ్డ చేతికి ఎంత మెత్తగా తగిలినా నీళ్లను ముందుకు తోస్తుందే తప్ప తాగదు. ప్యాకెట్ మీద 80/20 అనో 70/30 అనో ఉంటుంది. మొదటిది పాలిస్టర్ వంతు, రెండోది పాలిమైడ్ వంతు. 70/30 కొంచెం ఎక్కువ మెత్తన, ధర కూడా ఎక్కువ. 100 శాతం పాలిస్టర్ అని ఉంటే రంగు మీదికి తీసుకోకు.

ఇంకో అంకె జీఎస్‌ఎం. అంటే చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందన్నది. దీనిలోనే మోసం ఎక్కువ. మార్కెట్లో 800 అని రాసిన సన్నపాటి గుడ్డలు కుప్పలుగా దొరుకుతాయి. నమ్మాల్సిన పని లేదు, కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టు. 40 సెంటీమీటర్ల చదరపు గుడ్డ అంటే చదరపు మీటరులో 0.16 వంతు. నిజంగా 800 జీఎస్‌ఎం అయితే 128 గ్రాములు తూగాలి. 60 గ్రాములే తూగితే అది 375. అది కూడా పనికొచ్చే గుడ్డే, 800 ధర మాత్రం ఇవ్వకూడదు.

ఎక్కువ జీఎస్‌ఎం అయితేనే మంచిదని కూడా అనుకోకు, పనిని బట్టి ఉంటుంది. కడిగిన బండి నీళ్లు పీల్చడానికి పెద్ద తువ్వాలు కావాలి, 60 సెంటీమీటర్లకు 90. పోగును మెలితిప్పి కుచ్చులుగా నేసిన రకం ఉంటుంది, ట్విస్టెడ్ లూప్ అని అడుగు. 1000 జీఎస్‌ఎంకు అటూ ఇటూ ఉంటే చాలు, పొడిగా అర కిలో పైన తూగుతుంది. అది ఒక్కటి బానెట్, పైకప్పు, నాలుగు తలుపులు ఆరబెట్టేస్తుంది. దానికి డబ్బు పెట్టడానికి వెనకాడకు, మిగతా అన్నిట్లో పొదుపు చెయ్యి. మైనం రాసి తుడవడానికి, చేతి ముద్రలు తీయడానికి 350 నుంచి 500 మధ్య మెత్తటి రోమం ఉన్నవి. వాటికి అంచు కుట్టు లేకుండా, వేడితో కత్తిరించినవి దొరుకుతాయి, అవే తీసుకో. అంచున కంపెనీ పేరు చీటీ కుట్టి ఉంటే వాడకముందే కత్తెరతో తీసెయ్యి. ఆ చీటీ మూల గీసిన గీతలు నేను బల్బు వెలుతురులో చూపించగలను. అద్దాలకు రోమం ఉన్నది పనికిరాదు, పీచు వదులుతుంది. చిన్న చదరాల గళ్లు నేసిన రకం, 300 లోపు, వాఫిల్ అంటారు, అది అద్దం మీద చార మిగల్చదు. లోపల డ్యాష్‌బోర్డు, సీట్ల పక్కలకు 250 లాంటి చవక గుడ్డలు సరిపోతాయి.

పెట్రోల్ బంకుల దగ్గర గొట్టంలో పెట్టి అమ్మే పసుపు పచ్చ షామీ చూసే ఉంటావు. ఆరితే గట్టిగా అట్టలా అవుతుంది, తడిస్తే మెత్తబడుతుంది. నీళ్లు బాగానే లాగుతుంది, కాదనను. దాని ముఖం నున్నగా ఉంటుంది, రోమం లేదు. రేణువు దొరికితే దాచుకునే చోటు లేదు, రంగుకూ దానికీ మధ్య నలుగుతుంది. ముందు అద్దం మీద వాడుకో, అంతే.

ఇంటికి తెచ్చాక పరీక్షలు చిన్నవే. బల్ల మీద చెంచాడు నీళ్లు పోసి గుడ్డను ఒత్తకుండా మీదుగా లాగు. నీళ్లు తాగితే మంచిది, పక్కకు తోసేస్తే చీలని పోగు. పాత సీడీ ఇంట్లో ఉంటే దాని మెరిసే వైపు గుడ్డ అంచుతోనూ మధ్య భాగంతోనూ గట్టిగా రుద్ది ఎండలో చూడు. సీడీ మీద గీత పడితే ఆ గుడ్డను బండి రంగు మీద నమ్మకు. అరచేతితో నిమిరితే పొడిబారిన చర్మానికి సన్నగా పట్టుకుంటున్నట్టు అనిపించాలి. అది చీలిన పోగు గుణం.

ఇక తుడిచే పద్ధతి. పొడి దుమ్ము మీద ఏ గుడ్డా పెట్టకు, ఎంత ఖరీదైనదైనా సరే. ముందు నీళ్లు ధారగా కొట్టి ఎర్రమట్టి జారిపోనివ్వాలి, తర్వాతే షాంపూ. పొద్దున ఎండ ముదరక ముందో, సాయంత్రం బానెట్ చల్లారాకో కడుగు. మధ్యాహ్నం కాలే రేకు మీద బోరు నీళ్లు ఎండిపోతే అందులోని సున్నం తెల్లని చుక్కలుగా మిగిలిపోతుంది. ఆ చుక్కలు తీయడానికి మళ్లీ రుద్దాలి. చివర్లో పైపు మూతికి ఉన్న నాజిల్ తీసేసి, నీళ్లను మెల్లగా పైకప్పు మీంచి వదిలితే చాలా నీళ్లు పొరగా జారిపోతాయి. మిగిలిన కొద్దిపాటి నీళ్లే తువ్వాలుకు పని. దాన్ని తెరిచి బానెట్ మీద పరిచి, రెండు మూలలు పట్టుకుని నీ వైపు మెల్లగా లాక్కో. ఒత్తవద్దు, గుండ్రంగా తిప్పవద్దు. పైకప్పు, అద్దాలు, బానెట్, తలుపుల పై సగం, ఈ క్రమంలో పో. తలుపుల అడుగు భాగం, చక్రాల పక్కన ఉండే రేకులు చివరికి, అదీ వేరే గుడ్డతో. ఎంత కడిగినా అక్కడ ఎర్రమట్టి మిగులుతుంది. సైడు అద్దాల సందుల నుంచి, పిడుల వెనక నుంచి నీళ్లు కారుతూ ఉంటాయి. బండిని నాలుగు అడుగులు నడిపి ఆపి, మళ్లీ ఒకసారి అద్దు.

చిన్న గుడ్డను రెండుసార్లు మడిస్తే ఎనిమిది ముఖాలు వస్తాయి. ఒక ముఖం మురికైతే తిప్పు. ఎనిమిదీ అయిపోతే ఉతుకుకు వెయ్యి. గుడ్డ చేతి నుంచి జారి నేల మీద పడితే దులిపి మళ్లీ రంగు మీద పెట్టకు. ఆ రోజు నుంచి అది చక్రాల గుడ్డ, ఇక జన్మలో బానెట్ ఎక్కదు. ఈ ఒక్క నియమం కఠినంగా పాటించేవాళ్ల బండ్లు అమ్మే రోజుకీ మెరుస్తాయి. రంగులు వేరుగా కొనుక్కుంటే గుర్తుంటుంది. రంగుకు నీలం, అద్దానికి పచ్చ, లోపలికి పసుపు, చక్రాలకు నలుపు అని పెట్టుకో.

ఉతకడం దగ్గరే చాలామంది మంచి గుడ్డను చంపేస్తారు. బట్టలు మెత్తబడాలని, వాసన రావాలని చివర్లో కలిపే ద్రవం వీటికి విషం. పోగుల సందుల్లో జిడ్డుగా పేరుకుని నీళ్లు తాగకుండా చేస్తుంది. బ్లీచింగ్ పొడి వద్దు, మరిగే నీళ్లు వద్దు, గోరువెచ్చని నీళ్లు, కొద్దిగా ద్రవ సబ్బు చాలు. నూలు బట్టలతో కలిపి వేస్తే వాటి పీచంతా దీనికి అంటుకుంటుంది. మీ అమ్మకు ఈ మాట చెప్పి, బకెట్ వేరుగా పెట్టుకో. ఆరేసేటప్పుడు ఇంటి వెనక ముళ్లకంచె మీద వేయకు. పల్లేరు ముల్లు ఒక్కటి రోమంలో ఇరుక్కుంటే నువ్వు చూడవు, బానెట్ చూస్తుంది. నీడలో తీగ మీద ఆరేసి, మూత ఉన్న డబ్బాలో పెట్టు. ఆ డబ్బా బండిలోనే ఉన్నా ఫర్వాలేదు. కొత్త గుడ్డలను కూడా వాడకముందు ఒకసారి ఉతకాలి, నేతలో మిగిలిన పీచు పోతుంది.

నీ స్టాండు చెట్టు కింద కదా. పిట్టల రెట్ట ఆమ్లం, ఎండలో ఎక్కువసేపు ఉంటే క్లియర్ కోట్‌ను తినేస్తుంది. సీసాలో నీళ్లు, ఒక చిన్న గుడ్డ ఎప్పుడూ తలుపు అరలో ఉంచు. రెట్ట మీద తడిగుడ్డ కాసేపు పరిచి ఉంచి, నానాక పైకి ఎత్తు. గోకవద్దు. ఇప్పపూలు రాలే కాలంలో బండికి అంటుకునే వాటి బంకకూ ఇదే పద్ధతి.

దసరా పూజ నాడు పసుపు కుంకుమ పెడతారు కదా, మరునాడు పొడిగుడ్డతో వాటిని తుడిచెయ్యకు. ముందు నీళ్లతో కడుగు. నంబరు ప్లేటు మీద పసుపు మరక మిగిలితే తోమకు. పసుపులోని రంగు ఎండకు తనంతట తనే వెలిసిపోతుంది, నాలుగు రోజులు ఆగితే చాలు. కుంకుమను మాత్రం ఆ సాయంత్రమే నీళ్లు పోసి జారవిడువు.

2027లో గోదావరి పుష్కరాలు. సిరొంచ, కాళేశ్వరం దిక్కు జనం పోటెత్తుతారు, నీకు చేతినిండా పని ఉంటుంది. బండి కడిగే తీరిక నీకు దొరకదు, ఎవరైనా పిల్లవాణ్ని పెట్టుకుంటావు. హేమల్‌కసా ఆస్పత్రికి రోగులను తీసుకుపోయి తెల్లవారుజామున వచ్చిన రోజున కూడా అంతే. ఆ పిల్లవాడికి బండి ఒక్కింటికి ఇంత అని లెక్కగట్టి ఇస్తే వాడు తొందరపడతాడు, ఒకే గుడ్డతో చక్రాల నుంచి పైకప్పు దాకా పోతాడు. తప్పు వాడిది కాదు, అంత తక్కువ కూలికి వాడికి దక్కే సమయం అంతే. రోజు కూలి ఇవ్వు. గుడ్డల రంగులు చూపించు, నేల మీద పడ్డ గుడ్డ సంగతి చెప్పు, మొదటి రెండుసార్లు పక్కన నిలబడి నువ్వే చేసి చూపించు. ఇప్పటికి పెద్ద తువ్వాలు ఒకటి, మెత్తటివి ఆరు, గళ్లవి రెండు, చవకవి నాలుగు కొంటే మీ ఇద్దరికీ సరిపోతాయి. పెద్దదాన్ని నాగపూర్ నుంచి తెప్పించాలంటే నాకు చెప్పు, వచ్చే వారం అటు పోయే మనిషి ఉన్నాడు.

నీ మామ